మెట్ల మీద యమన్ రాగం

ఇది 2018లో జరిగింది. ఇన్నేళ్ళూ రాయకపోవడానికి కారణం చిన్నదే. అప్పటికి నాకు అక్షరాలు రావు. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి, కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. క్వార్టర్ల పక్కనే తెలుగు బడి ఉండేది కానీ, బడి గంట కొట్టే వేళకే కుళాయికి నీళ్ళొచ్చేవి. తమ్ముళ్ళు బడికి వెళ్ళేవారు, నేను బిందెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళేదాన్ని. చివరికి అరవై దాటాక, తెలుగు సంఘంవాళ్ళు ఆదివారాలు పిల్లలకు నడిపే తరగతిలో వెనక వరసలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. నన్ను చూసి మొదట నవ్వారు. తరవాత నా గుణింతాల్లో తప్పులు వాళ్ళే దిద్దారు.

నా పని తాన్‌పురా వాయించడం. మనవాళ్ళు తంబూరా అంటారు. దక్షిణ కలకత్తాలో ఒక సంగీత కళాశాలలో నా పోస్టు పేరు అకంపనిస్ట్. అంటే పాడేవాళ్ళ వెనక కూర్చుని, వాళ్ళ శ్రుతికి తీగలు కలిపి, పాట అయ్యేదాకా ఆపకుండా మీటుతూ ఉండడం. ఈ పని నాన్న దగ్గరే వచ్చింది. శనివారం భజనల్లో ఆయన పాడుతుంటే తంబూరా నా ఒళ్ళో పెట్టేవాడు. ఇప్పుడు ఫోన్‌లోనే తంబూరా మోగుతోంది. అయినా సాధనకీ పరీక్షలకీ మనిషే ఉండాలని మా కాలేజీలో గాత్రం చెప్పే మంజుది పట్టుబట్టి నన్ను ఉంచారు. ఇక్కడ పెద్దావిడ పేరు చివర ‘ది’ చేరుస్తారు, మన అక్క లాగ.

ఆ ఏడు ఆఖరి పరీక్షకి శ్రీనిధి అనే అమ్మాయి తయారవుతోంది, అందరం నిధి అనేవాళ్ళం. తెలుగు పిల్లే. నాన్న బ్యాంకు ఆఫీసరు, సాల్ట్ లేక్‌లో ఇల్లు. కాలేజీ అంతా నన్ను మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. తనూ అలాగే పిలిచేది గానీ తక్కిన మాటలన్నీ తెలుగులోనే. నా శ్రీకాకుళం మాట విని ముచ్చటపడి, “ఏటి మాసీ, ఏటి సంగతి?” అని నన్ను ఆటపట్టించేది.

గొంతు మంచిదే, తొందరే ఎక్కువ. పొద్దున్నే ప్రాక్టీస్ రూమ్‌లో చేరి తలుపు వేసుకునేది. ఒక్కరు కూర్చుని సాధన చేసుకునే చిన్న గది అది. యమన్ రాగంలో పై ‘స’ను అందుకునే ఒక్క పలుకునే పట్టుకుని, వెళ్ళి గోడను గుద్దుకున్నట్టు మళ్ళీ మళ్ళీ పాడేది. యమన్ అంటే మన కల్యాణికి దగ్గర చుట్టం. వానలు మొదలయ్యేసరికి గొంతు బొంగురుపోయింది. డాక్టరు చూసి నాడ్యూల్స్ అన్నాడు. గొంతులో పలికే పొరల మీద ఒత్తిడి వల్ల కాయల్లాగ లేచే వాపు. వాయిస్ రెస్ట్ రాశాడు. పాడకూడదు, మాట్లాడకూడదు, గుసగుసలాడకూడదు. గుసగుస మాటకంటే చేటట. తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు.

పరీక్ష కాగానే వాళ్ళ నాన్న బదిలీ మీద ముంబై వెళ్ళాలని అప్పటికే ఖాయమైంది. ఈసారి పరీక్షకి కూర్చోకపోతే ఈ చదువు ఇక్కడే ఆగిపోతుంది. మొండిగా కూర్చుంటే గొంతే పోవచ్చు. ఆ పిల్ల ఈ రెండింటి మధ్యా చిక్కుకుంది.

అయినా రోజూ వచ్చేది. మొదటిరోజు ఫోన్‌లో ఏదో కొట్టి నా ముందు పెట్టింది. నేను తలడ్డంగా ఊపాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఊపాను. నేను కాదంటున్నాననుకుని మొహం చిన్నబుచ్చుకుంది. అప్పుడు చెప్పేశాను.

“నాకు సదువు రాదమ్మా. సేత్తో సెప్పు, నాకు తెలుస్తాది.”

తను ఫోను సంచిలో పడేసింది. తంబూరా వాయించమని వేళ్ళతో చూపించి కళ్ళు మూసుకుంది. మనసులో పాడుకుంటుందన్నమాట. సరే అని మీటుతూ కూర్చున్నాను. కొంతసేపటికి చూస్తే గొంతు కదులుతోంది. పై ‘స’ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి, మెడనరం ఉబ్బుతోంది. నోరు మూసే ఉంది, గొంతుకి మాత్రం విశ్రాంతి లేదు.

వెళ్ళి మంజుదికి చెప్పాను. ఆవిడ వచ్చి తనూ చూశారు. ఆ తరవాత నా ఒళ్ళోంచి తంబూరా తీసి నిధి ఒళ్ళో పెట్టారు. చేతులకి పని ఉంటే గొంతు ఊరుకుంటుందేమో చూద్దాం అన్నారు. మరి పాడేదెవరు అని నేను అడిగాను. నిధి వేలు నావైపు తిరిగింది.

“ఓలమ్మ, నానేటి పాడతాను? నాను తంబూరా మనిషిని.”

నా తెలుగు అర్థం కాకపోయినా నా మొహం చూసి మంజుది నవ్వారు. “ఇన్నేళ్ళుగా అందరిదీ విన్నావు కదా మాసీ. ఇప్పుడు ఈ పిల్ల నీకు నేర్పుతుంది. నేర్పడమే దాని సాధన,” అన్నారు.

అలా నేను విద్యార్థినిని అయ్యాను. ముందు తంబూరా శ్రుతితోనే చిక్కు. నిధి పాడేది హార్మోనియం మీద ఐదో నల్లమెట్టుకి. దానికి నా గొంతు కీచుమంది. తను చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వి, తీగలు వదులుచేసి నాలుగో నల్లమెట్టుకి దించింది. అక్కడ ఏదో పలికాను. తప్పు పాడితే మోకాలి మీద తట్టేది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం తెలియజెప్పడానికి నా చీర అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య మెల్లగా లాగేది. బట్ట ఎక్కడా ఆగకూడదు, ఎక్కడా జర్రుమనకూడదు. అది చూశాక నాకే అర్థమయ్యేది, నేను దుముకుతున్నానని.

ఎంత చెప్పినా ఒక తప్పు మాత్రం పోలేదు. యమన్‌లో పైకి వెళ్ళేటప్పుడు కొన్ని స్వరాలు వదిలేయాలి. విని ఆనందించేటప్పుడు తెలిసినట్టే ఉంటుంది, పాడబోతే నోరు వాటి మీదికే పోతుంది. నిధి విసిగిపోయి నన్ను చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయింది. ఒక్కో మెట్టు ఒక్కో స్వరం. అడుగు మెట్టు ‘ని’. తరవాతి మెట్టు ‘స’, అది దాటేయాలి. రి, గ, మ. ఆపైన ‘ప’ కూడా దాటేయాలి. ధ, ని. అక్కణ్ణుంచి పై ‘స’, అది మలుపు దగ్గర వెడల్పుగా ఉన్న చోటు.

నేను ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పాడుతూ మెట్లు దాటుతున్నాను. తను ఫోన్‌లో తంబూరా పెట్టుకుని పక్కన ఎక్కుతోంది. గేటు కాసే దర్వాను కింద నుంచి చూసి, “ఈ వయసులో అడ్మిషనా మాసీ?” అని అడిగాడు. ఫీజు కట్టేశాను, నువ్వు గేటు చూసుకో అన్నాను.

‘ప’ మెట్టు దాటడం నా మోకాళ్ళకి పెద్ద పని. ‘ధ’ మీద కాలు పెట్టి, ‘ని’ మీదికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. పాట ఆపలేదు గానీ కాళ్ళు ఆగిపోయాయి. ‘ని’ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. అది సన్నబడింది. ఆ సన్నంలోనే కొంచెం ఊపిరి తీసుకుని, కమ్మీ ఆసరాతో పై మెట్టెక్కాను. ‘స’ తనంతట తానే వచ్చి కూర్చుంది. గట్టిగా కాదు, చిన్నగా.

నిధి నా మోచెయ్యి పట్టుకుంది. మళ్ళీ అని సైగ. కిందికి దిగి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అక్కడే ఆగాను, కావాలని కాదు. ఈసారి తను ‘ని’ మెట్టు మీద నా పక్కనే నిలబడి, కళ్ళు మూసుకుని వింది. భుజాలు కిందికే ఉన్నాయి. మెడనరం కదల్లేదు. కళ్ళు తెరిచి తన గొంతు చూపించుకుంది, ఆ మెట్టు చూపించింది, చెయ్యి అడ్డంగా ఊపింది. నేను ఇక్కడ ఆగను అని. కళ్ళనిండా నీళ్ళు. నేను చీర కొంగుతో తుడిచి, మెట్టు మీదే కూర్చోబెట్టాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, నేనూ కూర్చున్నాను.

తరవాతి రోజుల్లో మా సాధన అదే. తను తంబూరా మీటేది, నేను పాడేదాన్ని, ఇద్దరం ‘ని’ దగ్గర ఆగేవాళ్ళం. డాక్టరు మాట్లాడొచ్చన్నాక కూడా తను వెంటనే పాడలేదు. మంజుది అనుమతించినంతే, రోజుకి కొంచెం, పసిపిల్లకి అన్నం అలవాటు చేసినట్టు.

పరీక్ష రోజు బయటి కాలేజీల నుంచి పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నిధి తెల్లచీర కట్టుకుని వచ్చింది. నేను వెనక కూర్చుని తంబూరా ఎత్తాను. ఐదో నల్లమెట్టుకి పాడతానని పరీక్ష కాగితంలో ముందే రాసిచ్చి ఉంది. శ్రుతి దించడమంటే ఇక్కడి పిల్లలకి నామోషీ, గొంతు తగ్గిందని ఒప్పుకున్నట్టు.

“ఏ శ్రుతికి కలిపీమంటావమ్మా?” అని అడిగాను.

తను వెనక్కి తిరిగింది. “మీ శ్రుతికే కలపండి మాసీ,” అంది.

పెద్దల్లో ఒకాయన కాగితం చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. మంజుది కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను తీగలు దించాను. తను పాడింది. నడుమ ఒకచోట గొంతు గరగరలాడింది, దాన్ని దాచుకోకుండానే దాటింది. ‘ని’ దగ్గరికి వచ్చింది. ఆగింది. ఇంకా ఆగింది. గదిలో తంబూరా ఒక్కటే వినిపిస్తోంది. భుజాలు కదల్లేదు. అప్పుడు ‘స’ వచ్చింది.

గొప్ప మార్కులేమీ రాలేదు, పాసయింది. గొంతు దక్కింది. పరీక్ష అయిన సాయంత్రం వాళ్ళమ్మ నాకు స్వీట్లు పెట్టబోతే నిధి పొట్లం లాక్కుని, “మాసీకి షుగరు, నాకు తెలుసు,” అని సగం తనే తినేసింది. మాట ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

సాధన అంటే అలిసిపోయేదాకా చేసిందే చెయ్యడం అనుకునేదాన్ని. ఎంతమంది పిల్లలు అలా చేస్తుంటే వెనక కూర్చుని మీటానో. తన పాటని ఇంకొకరి నోట్లో పెట్టి పక్కన నిలబడి వినడం కూడా సాధనేనని ఆ వానాకాలమే తెలిసింది. ఆ తరవాత గొంతు బిగబట్టే పిల్లలు వస్తే మంజుది వాళ్ళని నా దగ్గరికి పంపి, మాసీకి నేర్పు అంటున్నారు. మెట్లు మాత్రం నేను ఒప్పుకోవడం లేదు.

నిధి పరీక్ష అయిన మర్నాడు పొద్దున్న మామూలుకంటే ముందే వెళ్ళాను. ప్రాక్టీస్ రూమ్ తుడిచి, చాప పరిచి, తంబూరా నాలుగో నల్లమెట్టుకి కలిపాను. ఎవరూ నేర్పాల్సిన పని లేదు, ఎవరూ నేర్చుకోవాల్సిన పనీ లేదు. తలుపు దగ్గరగా వేసి, చాప మీద ముందుకి జరిగి, పాడేవాళ్ళు కూర్చునే చోట కూర్చుని, యమన్ పాడుకున్నాను.