సాంచాల మధ్య మూతిగుడ్డలు

స్వైన్ ఫ్లూ పుణె దాటి మా షోలాపూర్ దాకా వచ్చిన ఏడు, కుమఠా నాకా దగ్గర తువ్వాళ్లు నేసే మా కార్ఖానాలో అందరి మూతులకూ గుడ్డలు కట్టించింది నేనే. తొంభై ఏళ్ల కింద ఇన్‌ఫ్లుయెంజా దేశదేశాలు తిరిగిందనీ, అప్పుడూ జనం ముక్కూ నోరూ కట్టుకున్నారనీ గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకంలో చదివాను. చదివింది కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. పొద్దున సేటుకు చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఆయన తువ్వాళ్ల ముక్కలతో మాస్కులు కుట్టించాడు. అంత మందం తువ్వాలు కట్టుకుంటే ఊపిరిని కూడా పిండుకుని పీల్చాలి.

పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. సాంచాలు, అంటే మా పవర్‌లూములు, నడుస్తుంటే పక్కవాడి మాట వినబడదు. పెదవులు చూసే మాట్లాడుకుంటాం. సైగలూ కొన్ని ఉన్నాయి. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగిందని, బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ అని. తిట్లూ పరాచికాలూ మాత్రం పెదవుల మీదే. గుడ్డలు పడేసరికి కార్ఖానా మూగబోయింది.

"ఏం అల్లుడా," అన్నాడు పక్క సాంచా నడిపే మామ, మాస్కు గడ్డం కిందికి లాగి. "మూతి కట్టుకోమని రాసినోడు, తిట్టుడెట్లనో రాయలేదా?"

నవ్వాడు గానీ ఆయన భయం నాకు తెలుసు. సాంచాల మోతకు మామ చెవులు ఎప్పుడో పోయాయి; ఎదుటివాళ్ల పెదవులు చూసే నెట్టుకొస్తున్నాడు. ఆ సంగతి ఆయన భార్య అత్తకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకునేవాళ్లం. సేటుకు తెలిస్తే సాంచా మీంచి తీసి, తువ్వాళ్లు మడతపెట్టే మూలలో కూర్చోబెడతాడని ఆయన దిగులు.

ఆ వారమే మున్సిపాలిటీ నుంచి ఒక అమ్మాయి జ్వరాల సంగతి అడగడానికి వచ్చింది. సేటు సాంచాలు ఆపించాడు. అమ్మాయి మూతికీ మాస్కే.

"కాకా, జ్వరముందా?"

"లేదు."

"దగ్గు?"

"లేదు."

మామకు ధైర్యం వచ్చింది.

"వయసెంత?"

"లేదు."

పరాచికమాడుతున్నాడనుకుని అందరూ గొల్లున నవ్వారు.

"ఇంట్ల ఎంతమంది కాకా?"

"అస్సలు లేదు బిడ్డా!"

నేను గబగబా అమ్మాయి వెనక్కి చేరి, రెండు అరచేతులూ ఇంటికప్పులా ఆనించి, ఎంతమందని వేళ్లాడించాను.

"ఓ, ఇంట్లనా! నలుగురం," అన్నాడు మామ. తర్వాత నా తలలో నెరిసిన వెంట్రుక ఒకటి పట్టి చూపిస్తే వయసూ చెప్పాడు.

అమ్మాయి వెళ్లిపోయింది. తిరిగి చూస్తే నా వెనకే సేటు. మామ మాస్కును కళ్ల కింది దాకా లాక్కున్నాడు.

సేటు కూడా ఒకప్పుడు సాంచా నడిపినవాడే. మామ వైపు చూసి రెండు వేళ్లు విడదీసి, ఆయన సాంచా చూపించాడు. నిజంగానే ఒక పోగు తెగి వేలాడుతోంది. మామ ఉరికాడు.

"ఎన్నేండ్ల సంది ఆయనను ఎన్కకెల్లి పిలుస్తలేను," అన్నాడు సేటు, మిగతావాళ్లకు వినబడకుండా. "ముంగటికొచ్చే పిలుస్తున్న. అన్ని పుస్తకాలు సదువుతవు, ఇది సూడలేదా?"

సాంచాలు మళ్లీ మోత పెట్టాయి. మామ పోగు ముడివేసి, నా వైపు తిరిగి బొటనవేలు మాస్కుకు ఆనించాడు. ఎవరు తాగిస్తారో మాత్రం సైగ చేయలేదు.