మా అక్క కళ్ళు మూసి ఉన్నాయని రాసింది

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముందు ఆ మాట రాస్తేనే మిగతాది చెబుతానని మా మనవరాలు హారికతో ఒప్పందం చేసుకున్నాను. నేను చెబుతుంటే అది కంప్యూటరులో కొడుతోంది. మధ్యలో తన తెలివితేటలు కలపకూడదని కూడా చెప్పాను.

మా పుట్టిల్లు భీమడోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి కొల్లేరు వైపు దీపాలు కదిలేవి. కొరివిదెయ్యాలని జనం తలుపులు వేసుకునేవారు. మా నాన్నగారు నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి, అవి వలలు ఎత్తేవాళ్ళ లాంతర్లని చూపించారు. అంతే, ఆ రోజుతో నా భయం పోయింది. ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఏలూరులో ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇంతవరకూ తాయెత్తు కట్టించుకున్నది లేదు, దిష్టి తీయించుకున్నది లేదు.

పైగా ఇది చీకట్లో జరిగింది కాదు. ఆదివారం పదకొండు గంటలకి, పొయ్యి మీద పప్పు కుక్కర్ కూతలు వేస్తుండగా జరిగింది. చూసినవాళ్ళం ముగ్గురం. ముగ్గురికీ మతులు బాగానే ఉన్నాయి.

హారిక తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. రోజూ రైల్లో వెళ్ళి వస్తుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టు అని ఒక ప్రోగ్రాం తయారుచేసింది. దానికి ఏదైనా ఫోటో ఇస్తే, అందులో మొహాలు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కో మొహం చుట్టూ ఆకుపచ్చ గీతతో డబ్బా గీస్తుంది. డబ్బా కింద ఆ మొహం సంగతులు రాస్తుంది. వయసు ఎంతుండొచ్చు, కళ్ళజోడు ఉందా, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, నవ్వు ఉందా లేదా, మనసులో ఏముంది. మాట పక్కన ఒక అంకె వేస్తుంది. ఆ మాటని అది నూటికి ఎంత గట్టిగా నమ్ముతోందో ఆ అంకె చెబుతుందట. మనిషి పేరు మాత్రం చెప్పదు. నేను చదువుకుంటానని అన్నీ తెలుగులో వచ్చేటట్టు పెట్టింది. ఇంగ్లీషులో పెట్టినా బాగుండేది, నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ప్రోగ్రాం అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంటే. ఇంట్లో ఆల్బములన్నీ దానికి చూపించింది హారిక. మా చిన్నబ్బాయి గృహప్రవేశం ఫోటో ఉంది. నేను పాలు పొంగిస్తున్నాను, జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. నా డబ్బా కింద "కోపం, 91" అని రాసింది.

"అది నా మామూలు మొహమే" అన్నాను.

"మామూలుగానే కోపంగా ఉంటావు కదా నానమ్మా, పాపం దాని తప్పేముంది" అంది హారిక.

అదే ఫోటోలో వెనక గోడ మీద క్యాలెండరు ఉంది. అందులో లక్ష్మీదేవికి కూడా డబ్బా గీసి, వయసు ఇరవై రెండు నుంచి ముప్పై అని రాసింది. అమ్మవారి వయసు చెప్పడానికి అదెవరు. ఆ పూట దాన్ని తయారుచేసినదానితో కూడా నేను మాట్లాడలేదు.

ఇక పద్మ సంగతి చెప్పాలి. పద్మ మా అక్క కూతురు. మా అక్క పోయేనాటికి దానికి మూడో నెల. నేనే పెంచాను. ఇప్పుడు భీమడోలులో ఉంటోంది, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. దానికి తల్లిదని చెప్పుకోవడానికి ఒకటే ఫోటో ఉంది. మా అక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. తలలో పూలు, నుదుట పెద్ద బొట్టు, వెనక పూల దుప్పటి. తిన్నగా మనవైపే చూస్తూ ఉంటుంది. ఆ ఫోటోని పద్మ కుట్టుమిషనుకి ఎదురుగా తగిలించుకుంది. "దారం తెంపి తల ఎత్తితే అమ్మ చూస్తూనే ఉంటుంది పిన్నీ" అనేది.

దాని మనసులో ఒక ముల్లు ఉంది. అది గుచ్చింది మా అక్క అత్తగారు. పుట్టగానే తల్లిని మింగేసిన పిల్ల అని, ఆ పిల్లకి వినబడేటట్టే పదిమందిలో అనేది. ఆవిడ పోయి చాలాకాలమైనా ఆ మాట మాత్రం పోలేదు. అందుకని పద్మ చిన్నప్పటినుంచీ నన్ను అడుగుతూ ఉండేది. ఈ ఫోటో నేను పుట్టాక తీసిందేనా, అమ్మ సంతోషంగానే ఉందా, నా మీద కోపమేమైనా ఉందా అని. నేను ఎప్పుడూ ఒకటే చెప్పాను. నువ్వు పుట్టిన రెండో నెలలో మీ నాన్న సరదాపడి తీయించారు, అక్క నవ్వు ఆపుకుని కూర్చుంది, అని.

మొహం చూసి మనసులో ఏముందో చెప్పే ప్రోగ్రాం చేశానని హారికే ఫోనులో గొప్పలు చెప్పింది. ఆ ఆదివారం పద్మ, ఫ్రేముతో సహా ఆ ఫోటోని పాత చీరలో చుట్టుకుని బస్సెక్కి వచ్చేసింది.

"మా అమ్మ మొహంలో ఏముందో చూడవే హారికా. నువ్వు మాట్లాడకు పిన్నీ. నువ్వెప్పుడూ నా వైపే చెబుతావు. దాన్ని చెప్పనీ."

"నాకు కోపమని రాసిన గుడ్డిది అది. దాన్నేం అడుగుతావే" అన్నాను. వినలేదు.

హారిక ఫోనుతో ఫోటో తీసి కంప్యూటరులోకి ఎక్కించింది. మా అక్క మొహం చుట్టూ డబ్బా వచ్చింది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే పద్మ పైకి చదివేసింది.

"స్త్రీ. వయసు ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది. కళ్ళజోడు లేదు. కళ్ళు మూసి ఉన్నాయి, 99. నవ్వు లేదు." మనసులో ఏముంది అన్నచోట ఖాళీగా వదిలేసింది.

"కళ్ళు మూసి ఉండడమేంటి, ఇంతలేసి కళ్ళు కనబడుతుంటే" అంది పద్మ.

హారిక నవ్వేసింది. తెరిచినదీ మూసినదీ తారుమారు చేసి రాశానేమో అత్తా అంది. అప్పటికప్పుడు ఆల్బములోంచి ఇరవై మొహాలు దానికి చూపించింది. ఒక్కటీ తప్పలేదు. మా మరిది తుమ్మబోతూ కళ్ళు మూసుకున్న ఫోటో కూడా సరిగ్గా చెప్పింది. మళ్ళీ అక్క ఫోటో పెట్టింది. కళ్ళు మూసి ఉన్నాయి, 99. ఈ తప్పు వాళ్ళ సార్లకి చూపించాలని, తెర మీదున్నదాన్ని తన ఫోనుతో ఫోటో తీసిపెట్టుకుంది.

నేను మంచం మీద కూర్చుండిపోయాను. అది తప్పు కాదు. అది రాసిందే నిజం. ఆ నిజం తెలిసినవాళ్ళలో ఇంకా బతికున్నది నేనొక్కదాన్ని.

మా అక్కను కొల్లేటి లంకలో ఇచ్చారు. పురుడు మా ఇంట్లో పోసుకుని, మూడో నెలలో బిడ్డతో అత్తవారింటికి వెళ్ళింది. సాయంగా నేనూ వెళ్ళాను. వెళ్ళిన నాలుగో రోజునుంచి వానలు పట్టుకున్నాయి. అక్కకి కామెర్లు వచ్చాయి. దారంతా మునిగిపోయింది. పడవ కుదిర్చి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్దామనుకునేలోపే పోయింది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ళ అత్తగారు పెళ్ళిలో కూడా ఫోటో తీయనివ్వలేదు. ఈ పిల్లకి తల్లి మొహం ఎలా ఉంటుందో కూడా తెలియకుండా పోతుందని నేనే పట్టుబట్టాను. మా బావగారు మర్నాడు పొద్దున్నే వాన తెరిపిచ్చాక, పడవ మీద ఏలూరునుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారు.

అక్కకి తల దువ్వి, పూలు పెట్టి, బొట్టు దిద్ది, కుర్చీలో కూర్చోబెట్టాం. మెడ నిలవలేదు. అప్పుడు కుర్చీ వెనక పూల దుప్పటి అడ్డం కట్టారు. దాని వెనక నేను నిలబడి, దుప్పటి మీదనుంచే రెండు చేతులతో తల నిలబెట్టి పట్టుకున్నాను. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నాను, కనబడనంతే.

తర్వాత స్టూడియోలో ఆ ఫోటో మీద కళ్ళు వేయించాం. అక్కడ ఫోటోలకి రంగులు దిద్దే పెద్దాయన ఒకరు ఉండేవారు. "కళ్ళు ఎవరివి వేయమంటారండీ" అని అడిగారు. నా మొహం చూసి, "తోడబుట్టినవారు కదండీ, మీవి చూసి వేసేస్తాను. కదలకుండా నావైపే చూస్తూ ఉండండమ్మా" అన్నారు. చూస్తూ కూర్చున్నాను. నాకు కన్నీళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన కుంచె పక్కన పెట్టి ఆగేవారు.

అంటే పద్మ నలభై ఆరేళ్ళుగా తల్లివనుకుని చూసుకుంటున్న కళ్ళు నావి. మధ్యలో రెండుసార్లు ఆ ఫోటోని పెద్దది చేయించాం. చేసిన స్టూడియోలవాళ్ళు కూడా కనిపెట్టలేదు. అంత బాగా వేశారు ఆయన.

ఆ కంప్యూటరు మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొహం మీద కనబడినదల్లా పక్కన రాసేసి, అంకె వేసి, నలుగురికీ చూపించడం ఏం మర్యాద. మనుషులం రోజూ ఎన్ని మొహాలు చూస్తాం. ఏడ్చి వచ్చిన కళ్ళు చూస్తాం, అబద్ధం చెబుతున్న నోరు చూస్తాం. చూసి ఊరుకుంటాం. ఊరుకోవడం కూడా ఒక పనే. అది దానికి ఎవరూ నేర్పలేదు. ఈ మాట హారికతో కూడా అన్నాను. తల వంచుకుని విన్నది. ఇప్పుడు కూడా అలాగే కొడుతోంది.

పద్మ నావైపే చూస్తోంది. "ఏంటి పిన్నీ. ఏదో ఉంది. చెప్పు" అంది.

చెప్పేశాను. దుప్పటి, నా చేతులు, కుంచె, అన్నీ చెప్పేశాను. కుక్కర్ కూస్తోంది. పద్మ లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి మళ్ళీ కూర్చుంది. ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

"అయితే అమ్మ నవ్వు ఆపుకుందన్నది కూడా నువ్వు కట్టిన కథే."

"నేను కట్టిందే."

"ఒక్కటైనా నిజం చెప్పు పిన్నీ. నన్ను చూసి ఏమనుకుందో నీకు తెలుసా."

తెలుసు. ఆ అబద్ధం చెప్పీ చెప్పీ, దాని కింద ఉన్న నిజాన్ని నేను పైకి తియ్యనేలేదు. బిడ్డకి తన జబ్బు అంటుకుంటుందేమోనని అక్క పద్మను పక్కలోకి తీసుకోలేదు. మంచానికి ఎదురుగా ఉయ్యాల కట్టించుకుంది. కాసేపు కళ్ళు మూసుకుని పడుకో అక్కా అంటే, "మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదో. చూడనీవే" అనేది. ఆఖరికి ఆ ఉయ్యాలవైపు తిరిగే పోయింది.

పద్మ ఫ్రేము వెనక మేకులు కత్తెరతో తీసి, ఫోటో బయటికి తీసి, పైటచెంగుతో తుడిచింది. రెండు చేతులతో కిటికీ దగ్గర పట్టుకుంది.

"ఇంకోసారి చూడవే హారికా."

హారిక ఫోటో తీసి పెట్టింది. డబ్బా వచ్చింది. ఈసారి ఎవరూ పైకి చదవలేదు. స్త్రీ. వయసు అదే. కళ్ళజోడు లేదు. నవ్వు లేదు. మనసు దగ్గర ఖాళీ. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి, 98.

ఫ్రేము అద్దం మీద వెలుతురు పడి ఇందాక అలా వచ్చి ఉంటుంది నానమ్మా అంది హారిక. నేనూ సరే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, ఇందాక అద్దంతో తీసిన మొదటి ఫోటోనే మళ్ళీ పెట్టింది. అదే ఫోటో, అదే కంప్యూటరు, అదే కుర్చీ. కళ్ళు తెరిచి ఉన్నాయి, 98. ఇంకో మూడుసార్లు పెట్టింది. తెరిచే ఉన్నాయి. ప్రోగ్రాంలో అంతకుముందు గురువారం తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చలేదంటుంది హారిక. మూసి ఉన్నాయని మొదట వచ్చినదాన్ని ఫోనుతో తీసింది చూశాం. అందులో 99 అలాగే ఉంది. ఇవాళ్టికీ ఉంది. వాళ్ళ సార్లకి రెండూ చూపిస్తే, మధ్యలో నువ్వే ఏదో మార్చి మర్చిపోయి ఉంటావమ్మా అన్నారట.

పద్మ భోజనం చేసింది. నాకూ వడ్డించింది. నాలుగు గంటల బస్సుకి బయల్దేరింది. ఫోటోని చీరలో చుట్టబోయి, ఆగి, నా మొహం పక్కన పెట్టి చూసింది. ఆ కళ్ళూ, ఈ కళ్ళూ.

"ఇందాక మూసి ఉన్నవి అమ్మవి. అది ఒప్పుకుంటాను" అంది. "ఇప్పుడు తెరిచి నన్ను చూస్తున్నది ఎవరు పిన్నీ. అమ్మా, నువ్వా."

నేను చెప్పలేకపోయాను. ఈ సంగతి జరిగి నాలుగు నెలలైంది, ఇప్పటికీ చెప్పలేను. పద్మ ఫోనులో మాట్లాడినప్పుడల్లా ఆ జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత వేరే మాటలోకి వెళ్ళిపోతుంది.

నా కోపమల్లా ఆ అంకెల మీదే. ఒకసారి 99 అంది, ఒకసారి 98 అంది. ఆ రెండు మాటలూ అంత గట్టిగా ఎలా అనగలిగిందో నాకు తెలియదు. నలభై ఆరేళ్ళు చెప్పిన అబద్ధాన్ని నేను ఒక్కసారి కూడా అంత గట్టిగా చెప్పలేదు.