ఖాళీ గాజు మీద ఊపిరితిత్తి

దయ్యాలంటే నాకు నవ్వు. మారికుప్పంలో, ఇప్పుడు మూతపడ్డ బంగారు గని పక్కన పుట్టి పెరిగాను. మా వీధిలో దయ్యాన్ని చూడని మనిషి లేడు, నేను తప్ప. ఎవరైనా కథ మొదలుపెడితే "చాలు పోండి" అని లేచిపోయేదాన్ని.

రోజూ రైలెక్కి బెంగళూరులో ఒక ల్యాబుకు వెళ్తాను. మందంగా ఉన్న కణజాలపు ముక్కను మైక్రోస్కోపులో చూస్తే లోపల వెలుగు చెదిరిపోయి, పొగమంచులో లారీ లైట్లలా అంతా మసకగా ఉంటుంది. వెలుగు ఎటెటు చెదిరిందో లెక్కగట్టి బొమ్మను తేటపరిచే ప్రోగ్రాం రాయడం నా పని. ముక్క పెట్టే ముందు ఖాళీ గాజుపలక మీద దాన్ని ఒకసారి నడుపుతాం. ఏమీ రాకూడదు. లేనిది చూపించిందంటే ఇక దాన్ని నమ్మలేం.

మా నాయన గని మూసేదాకా అందులోనే పనిచేశాడు. పోయినేడు దగ్గు ముదిరితే డాక్టరు ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీశారు. క్యాన్సరా, గని దుమ్మా తేలాలి. పరీక్షకు పోగా మిగిలింది, నాయన సరేనన్నాక, మా ల్యాబుకిచ్చారు.

అది వచ్చిన రోజు మధ్యాహ్నం, ముక్క ఇంకా డబ్బాలోనే ఉంది. కొత్త గాజుపలక తుడిచి పెట్టి ప్రోగ్రాం నడిపాను. మసక విడిపోతూ ఊపిరితిత్తి కనిపించింది. నల్లటి దుమ్ము చారలు, ఒక మూల తెల్లటి గడ్డ. పాత బొమ్మేదో మిగిలిందనుకుని అన్నీ చెరిపి మళ్లీ నడిపాను. అదే వచ్చింది.

నాయన ముక్క పెట్టాను. అవే చారలు, అదే వంకర. గడ్డ మాత్రం లేదు. డాక్టరు రిపోర్టులోనూ లేదు.

ప్రోగ్రాం తప్పని రాసుకుని ఊరుకున్నాను. చెబితే నవ్వుతారని సిగ్గు. ఇంటికొచ్చేసరికి నాయన గడపలోనే కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మా, బాగా చూస్తివా? లోపల ఇంగేమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు నాయనా. ఉత్త దుమ్మే."

"దాంతోనే కదమ్మా ఇన్నాళ్లూ బతికినాను," అని నవ్వి, కడుపునిండా రాగిముద్ద తిన్నాడు.

మూడు నెలలకు మళ్లీ ముక్క తీశారు. ఈసారి గడ్డ ఉంది, క్యాన్సరే. దాచి ఉంచిన ఖాళీ గాజు బొమ్మను ఈ ముక్క బొమ్మ పక్కన పెట్టి చూశాను. అదే మూల, అదే ఆకారం. ఆలస్యమైందన్నారు డాక్టరు. నాయన దక్కలేదు.

ముక్క కంటే ముందే గాజు మీదికి అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. ప్రోగ్రాం వరుస వరుసా వెతికాను, తప్పు దొరకలేదు. ఆ రోజే నోరు విప్పి ఉంటే నాయన బతికేవాడా? అదీ తెలియదు.

ఇప్పుడు ఖాళీ గాజు పెట్టాల్సివస్తే తల తిప్పుకుంటాను. నాతో పనిచేసే ఆవిడ చూసి "ఏమీ లేదమ్మా" అనేదాకా నాకు ఊపిరాడదు.