గోస్లిన్ అన్న చెవి

గోస్లిన్ అన్న చెవి గోక్కునేవాడు. ఏదో ఒకసారి దురదపుట్టి గోక్కోవడం కాదు. రోజూ నా బల్ల ముందు నిలబడి, నా మొహంలోకే చూస్తూ, అచ్చం కుక్క గోక్కున్నట్టు గోక్కునేవాడు. ఆయన చలికాలం టోపీకి కుడి చెవి దగ్గర చిల్లు పడిపోయింది.

మా మఠంలో పుస్తకాల గది నా కాపలాలో ఉండేది, అందులో ఎవరూ నోరు విప్పకూడదు. ఏది కావాలన్నా సైగే. అరచేతులు రెండూ తెరిచి చూపిస్తే పుస్తకమని అర్థం. జ్ఞానస్నానం లేని పాతకాలపు అన్యులు రాసినది కావాలంటే మాత్రం, అరచేతులు తెరిచాక వేలితో చెవి వెనక కుక్కలా గోక్కోవాలి. అన్యుడంటే కుక్కతో సమానమని మా మఠం పెద్దలు పెట్టిన సైగ అది. సిగ్గుకైనా ఎవడూ అడగడని వాళ్ళ ఎత్తు. మఠంలో మొత్తం నలభై ఇద్దరు సన్యాసులం, ఒకరినొకరం అన్నా అనుకుంటాం. నలభై ఒక్కరి దగ్గర ఆ ఎత్తు పారింది.

పోనీ నాలుగు పుస్తకాలు అడుగుతాడా అంటే, ఒక్కటే! ఎవరో గ్రీకు అన్యుడు రాసినదాన్ని ఎవరో పనిలేని పుణ్యాత్ముడు లాటిన్‌లోకి దించాడు. బీరువా తాళంచెవి ఇరవై ఏళ్ళుగా నా నడుముకే వేలాడుతోంది. నేను ఒక్కనాడు దాని అట్ట తెరిచి ఉంటే ఒట్టు. గోస్లిన్ అన్న తీసుకెళ్ళేవాడు, వారానికి తెచ్చిచ్చేవాడు, మర్నాడే మళ్ళీ వచ్చి చెవి గోక్కునేవాడు. ఒళ్ళు మండి "ఇవ్వను, పో" అని చెయ్యి విసిరేవాణ్ణి. అయినా కదలడే! చిరునవ్వు నవ్వుతూ అక్కడే నిలబడి గోక్కునేవాడు. ఇంత మొండిఘటాన్ని దేవుడు నా బల్లకే ఎందుకు పంపాడా అని మొత్తుకునేవాణ్ణి.

మధ్యాహ్నం భోజనమయ్యాక తోటలో కాసేపు మాట్లాడుకోవచ్చు. ఆ కాస్తలోనే గోస్లిన్ అన్న మా గుండెలు ఆగిపోయే మాటలు అనేవాడు. ప్రతి ఈస్టరుకీ మా మఠాధిపతి ఫుల్కో గారు, మఠం కట్టిన తొలి గురువు గారి ప్రసంగం చదివేవారు. "ఊటలోంచి నీళ్ళు పొంగినట్టు సమస్తమూ దేవుడిలోంచే పొంగింది, తిరిగి ఆయన వైపే తల తిప్పుతోంది" అన్న చోటికి వచ్చేసరికి ఆయన కళ్ళు తుడుచుకునేవారు. మేమూ ముక్కులు చీదుకునేవాళ్ళం.

ఒక ఈస్టరు మధ్యాహ్నం గోస్లిన్ అన్న ఉల్లిమళ్ళ మధ్య నిలబడి తాపీగా అన్నాడు. "ఆ ఊట మాట మన గురువు గారిది కాదండోయ్. ఆ అన్యుడిది. గురువు గారు 'దేవుడు' అన్న ముక్క చేర్చారంతే."

నా చేతిలో రొట్టె జారి కింద పడింది. ఫుల్కో గారి మొహం బీట్‌రూట్ అయిపోయింది.

"ఏం కూశావయ్యా? కుక్క ఎంగిలి కూడు తిని నేను ఇన్నేళ్ళు ఏడ్చానంటావా?"

"కోప్పడకండి స్వామీ. పాపం, ఆ అన్యుడు ఊట దాకా నడిచాడు, దాని పేరే ఆయనకి తెలీలేదు. మనకి పేరు తెలుసు. నడవడం మాత్రం బద్ధకం."

"చెవి గోక్కునేవాడు నాకు పాఠాలు చెప్పడమా! నా కంటపడకు, పో!" అని ఫుల్కో గారు ఉల్లిమళ్ళు తొక్కుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ ఏడు పెద్ద మఠం నుంచి రెనో గారని ఒకాయన తనిఖీకి వచ్చారు. నవ్వితే నరకమని ఆయనకి ఊయలలోనే చెప్పినట్టున్నారు. పుస్తకాల గదికి వచ్చి అరగంట కూర్చున్నారు. గోస్లిన్ అన్న రానూ వచ్చాడు, గోక్కోనూ గోక్కున్నాడు.

బయటికొచ్చాక రెనో గారు జాలిగా అన్నారు. "ఆ పెద్దాయనకి పేలు పట్టినట్టున్నాయి. కాస్త నూనె రాయించకూడదూ?"

ఊరుకోవచ్చు కదా నేను! "పేలా? మా మఠంలోనా? అబ్బే! ఆయన అడిగింది అన్యుల పుస్తకమండీ. పదకొండేళ్ళుగా అదొక్కటే!" అని గడగడా వాగేశాను. నా నోటికి తాళం వేసే సైగ మాత్రం పెద్దలు కనిపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అందరినీ సభలో కూర్చోబెట్టారు. రెనో గారు తీర్పు సిద్ధం చేసుకునే వచ్చారు. పుస్తకం పొయ్యిలోకి. గోస్లిన్ అన్న కొండ మీది మా చిన్న మఠానికి. ఆ కొండ మీద ఆరు నెలలు మంచే. గోస్లిన్ అన్నకి డెబ్బై దాటాయి, ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే. అక్కడికి పంపిన ముసలివాళ్ళెవరూ తిరిగి దిగిరాలేదు. చేజేతులా మనిషిని చంపుకున్నానురా దేవుడా అనుకున్నాను.

"ఇంతకీ అందులో ఏముందయ్యా?" అన్నారు రెనో గారు, పుస్తకం చేతికిస్తూ. "నీకు నచ్చిన పేజీ ఒకటి చదువు, విందాం."

గోస్లిన్ అన్న పుస్తకం తెరిచి చక్కగా గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, తలకిందులు!" అని అరిచాను నేను.

ఆయన పుస్తకాన్ని తాపీగా అడ్డంగా తిప్పాడు.

రెనో గారు లేచి వచ్చి ఆయన కళ్ళ ముందు చెయ్యి ఆడించారు. రెప్ప పడలేదు.

"ఎన్నాళ్ళైంది?"

"ఐదేళ్ళండీ. దారులు అలవాటే కాబట్టి ఇబ్బంది లేదు."

నాకు మతిపోయింది. ఐదేళ్ళుగా నేను విసిరిన చెయ్యి ఆయనకి కనిపిస్తే కదా, పోవడానికి! ఆ మొండిఘటం మొండితనమంతా నా కళ్ళ ముందే కూలిపోయింది.

"మరి చదవలేనివాడివి, పుస్తకం ఎవరికి తీసుకెళ్తున్నావు?"

"చెవి నాది. గోకింది నేను. కొండకి నన్ను పంపండి, అంతే" అన్నాడు గోస్లిన్ అన్న.

అంతలో వెనక బల్ల మీంచి మా వంటాయన బెరెంగార్ లేచాడు. ఎర్రబడ్డ మొహంతో రెండు అరచేతులూ తెరిచాడు. ఆ తర్వాత చెవి గోక్కున్నాడు.

"నువ్వా!" అన్నాను నేను, గుండె పట్టుకుని.

"సగం అర్థం కాలేదన్నా, అందుకే రెండోసారి తెప్పించుకున్నా" అన్నాడు వాడు. "అందరి ముందూ కుక్కలా గోక్కోలేక గోస్లిన్ అన్నని బతిమాలేవాణ్ణి. చదివాక రెండు ముక్కలు ఆయనకి చెప్పాలి, అదే షరతు."

వాడి పక్కవాడు లేచి గోక్కున్నాడు. తోటవాడు లేచాడు, గంట కొట్టేవాడు లేచాడు, పాటలు నేర్పే ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. వరసగా గోకుడే గోకుడు! నేను ఎవరిని చూసి నోరు తెరవాలో తెలీక తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాను. అందరికన్నా ఆఖర్న ఫుల్కో గారు లేచారు. పైకప్పు కేసి చూస్తూ, మా మఠాధిపతి, చెవి గోక్కున్నారు.

"మీరు కూడానా?" రెనో గారి గొంతు కీచుమంది.

"ఖండిద్దామని చదివానండీ."

"ఎన్నిసార్లు?"

"నాలుగు... గట్టిగా ఖండిద్దామని."

గోక్కోకుండా మిగిలిన వాళ్ళం ఇద్దరమే, గోస్లిన్ అన్నా నేనూ. రెనో గారు మా అందరినీ ఒకసారి చూసి కూలబడ్డారు. "మఠాన్నంతా కొండెక్కిస్తే కింద ద్రాక్షతోట ఎవడు చూస్తాడయ్యా?" అన్నారు నీరసంగా. గోస్లిన్ అన్న ఇక్కడే ఉంటాడన్నారు. పుస్తకమూ ఉంటుంది, కానీ ఇకమీదట ఎవడికి కావాలంటే వాడే తన చెవి గోక్కోవాలి. తాను మాత్రం దాన్ని పరిశీలించాలంటూ తన గదికి పట్టుకెళ్ళారు. ఆయన మర్నాటి ప్రయాణం నాలుగు రోజులు వాయిదా పడింది.

రెనో గారు వెళ్ళాక పుస్తకం బీరువాలోకి వచ్చింది. నాకు ఆ రోజంతా చెవి వెనక ఒకటే దురద. కానీ బీరువా నాదే, నేను ఎవరికి గోకి చూపించాలి? ఆఖరికి గోస్లిన్ అన్న బల్ల దగ్గరికి వెళ్ళి, అరచేతులు తెరిచి, నా చెవి గోక్కున్నాను. ఆయన నా వైపే తిరిగి చిరునవ్వు నవ్వుతున్నాడు. మళ్ళీ గోక్కున్నాను. అదే నవ్వు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

చేసేది లేక, పుస్తకాల గదిలో, అందరూ వింటుండగా నోరు విప్పాను. "అన్నా, నేను హెర్వేని. నాకూ ఆ పుస్తకం కావాలి."

అందరి తలలూ పైకి లేచాయి. మౌనం తప్పినందుకు మూడు రోజులు రొట్టె, మంచినీళ్ళేనని నాకు తెలుసు.

"పదకొండేళ్ళు పట్టిందేమయ్యా!" అన్నాడు గోస్లిన్ అన్న, ఆయనా గట్టిగానే. "కూర్చో. మొదటి పేజీ నుంచి చదివి వినిపించు. ఎలాగూ ఇద్దరికీ మూడు రోజులు వంట లేదు."