తోక కొట్టని చేప

మిరుగం పొద్దున కరీంనగర్ చేపల బజారులో అడుగుపెడితే ముందు వినబడేది నీళ్ళ చప్పుడు. రేకు తొట్టెల్లో కొర్రమట్టలు తోకలు కొట్టుకుంటూ చీర కుచ్చిళ్ళ మీదికి నీళ్ళు చిమ్ముతాయి. పచ్చి చేపల వాసన, తొలకరి మట్టి వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా దగ్గర మిరుగం అంటారు. ఆ రోజు చేప తినాల్సిందే. ఆ చప్పుడు వినగానే నాకు మా అనసూయ పంతులమ్మ గుర్తుకొస్తుంది. గాజులు మోచేతి దాకా ఎగదోసి, తొట్టెలో చెయ్యి పెట్టి, చేప ఆ చేతిని ఫటీమని కొడితేనే ఆమె బేరం మొదలుపెట్టేది.

ఆమె మంచిర్యాలలో ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. నేను చొప్పదండి నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చి, ఆమె ఇంట్లోనే ఒక గదిలో ఉండేదాన్ని. గొంతు పెంచకుండా క్లాసును కూర్చోబెట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. గోదావరి ఒడ్డున చేప కొనడం కూడా ఆమే నేర్పింది. "తోక కొట్టకపోతే అది చేపనా? పీనుగ! పీనుగను ఎవలన్న ఇంటికి తెచ్చుకుంటరానే?" అనేది. అబ్బో, ఆ నోటికి బెస్తవాళ్ళు కూడా జంకేవాళ్ళు. నేనైతే ఆమెను చూసి ఎంత వణికేదాన్నో అంత ప్రేమించాను కూడా.

ఆమెకు ఒక్కతే బిడ్డ, సుగుణ. హైదరాబాదులో చదువుకుంటూ చీరాల అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. రాష్ట్రాలు కలిసినంత తేలిగ్గా ఆ ఇంట్లో మనసులు కలవలేదు. "మన తిండి తెల్వని దిక్కు, మన మాట తెల్వని దిక్కు" అని గొణిగేదే తప్ప పంతులమ్మ బిడ్డ పేరు ఎత్తేది కాదు. అలాంటిది ఒక ఎండాకాలం చివర్లో, సుగుణ కడుపుతో ఉందని ఎవరో చెప్పారు. పంతులమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నా గది ముందు నిలబడి, "రాజేశ్వరీ, చీరాల పోదాం పా. ఒక్కదాన్నే పోతే కాళ్ళు వాకిట్లనే ఆగిపోతయి" అంది.

చేరేది సరిగ్గా మిరుగం నాడు. "మిరుగం నాడు బిడ్డ ఇంటికి వట్టి చేతులతోని పోతనా? సముద్రం పక్కన చేపలకు కరువా?" అని బాపట్లలోనే రైలు దింపేసింది. సాంబయ్య అనే అతని టాక్సీ మాట్లాడి సముద్రం వెంట బయలుదేరాం. సూర్యలంకలో ఇసుక మీద వెండి కుప్పల్లా చేపలు పోసి ఉన్నాయి. పంతులమ్మ గాజులు ఎగదోసి చెయ్యి పెట్టింది. ఒక్కటీ కదల్లేదు.

"గివన్ని సచ్చినయే!"

చేపలామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇప్పుడే వల లాగామమ్మా! సముద్రం చేప ఒడ్డుకొచ్చాక బతుకుద్దా? బతికున్నదే కావాలంటే లోపలికి ఈదుకుంటా వెళ్ళి పట్టుకో!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పంతులమ్మ మొహం కందగడ్డ అయిపోయింది. తర్వాతి పల్లెలోనూ అంతే, ఆ తర్వాతి దాంట్లోనూ అంతే. ఎండ మండిపోతోంది. "ఇలా అయితే మనకి చివరికి ఉప్పు చేపే గతండీ" అన్నాడు సాంబయ్య. నాకు నవ్వాగలేదు. ఆమె చూసిన చూపుకు చచ్చినట్టు నోరు మూసుకున్నాను.

వాడరేవు చేరాక ఆమె కారు దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంతులమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"సచ్చిన చేప తీస్కపోతే నా బిడ్డ ఏమనుకుంటదే? అవ్వకు ఇంకా కోపం తగ్గలేదనుకుంటది. మొకం మీదనే తలుపేసుకుంటే నేనేం గావాలె?"

"గీడి చేప గిట్లనే ఉంటదట పంతులమ్మా. వీళ్ళకు ఇదే తాజా. సుగుణక్క కూడ గిప్పుడు గీడిదే గదా" అన్నాను భయం భయంగా. తిడుతుందనుకున్నాను. ఆమె మొహం తుడుచుకుని కారు దిగింది. గంప ముందు గొంతుక్కూర్చుని, "ఏమ్మా, మీరు తాజాది ఎట్ల గుర్తువడ్తరు? నాకు జర చెప్పు" అని అడిగింది. ఊరందరికీ చెప్పే మనిషి, తనకు తెలియదని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. చేపలామె మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించింది, వేలితో ఒత్తి చూపించింది. పంతులమ్మ కూడా బడిపిల్లలా ఒత్తి చూసింది. చందువ చేపలు తాటాకు బుట్టలో పెట్టించుకుని చీరాల చేరాం.

తలుపు సుగుణే తీసింది. నిండు కడుపుతో, రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడింది. పంతులమ్మ గడప దాటలేక బుట్ట చాపింది. "గివి కదలవు బిడ్డా. గీ దిక్కు చేపలు గింతేనట. కని మంచియేనట."

సుగుణ బుట్టలోకి చూసింది. తల్లి చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. బావి పక్కన గంగాళం ఉంది, అందులో రెండు కొర్రమట్టలు తిరుగుతున్నాయి.

"చెరువులకెల్లి పట్టించి తెప్పిస్తున్ననే అవ్వా. ఏ మిరుగానికన్న నువ్వు రాకపోతవా అని. ఏటా తెప్పిస్తనే ఉన్న."

పంతులమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టింది. చేప ఫటీమని కొట్టింది. ఇక ఆగలేదు తల్లి, బిడ్డ భుజం మీద పడి బావురుమంది. ఆ పూట రెండు రకాలూ వండారు. పంతులమ్మ ముందు చందువ ముక్కే వేసుకుంది, తిని, "ఉప్పు జర ఎక్కువైంది" అని అల్లుడికి వినబడేలా వంక కూడా పెట్టింది. హమ్మయ్య, మా పంతులమ్మ మాకు దొరికింది అనుకున్నాను.

ఆమె పోయి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ తోక కొట్టే చేపే కొంటాను, ఆ పిచ్చి పోదు. కానీ పెద్ద పంతులమ్మనయ్యాక, ఏ కొత్త ఊరికి బదిలీ అయినా, ఆఖరికి మొన్న మా కోడలు కాపురానికి వచ్చి పొయ్యి ముందు నిలబడినా, నా నోటికి ముందు వచ్చేది ఆమె మాటే. "మీరు ఎట్ల గుర్తువడ్తరు? నాకు జర చెప్పు."