దాలమ్మ నాటిన పైరు

"...అంటే మొన్న అమాసకే కదా మందు కొట్టినావు, మళ్ళీ ఏటి ఈ డబ్బా? దించు బావా!"

"షెడ్యూలు ప్రకారం ఇయ్యాలే కొట్టాల. తప్పుకో దాలీ."

"పురుగేదీ? సూపించు!"

"బేరింగు మండిపోయేదాకా ఆగి నూనె పోత్తామేటి?"

తవిటయ్య బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే రిటైరయ్యాడు. చెడినా చెడకపోయినా, గడువు రాగానే వ్యాగన్‌ను విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడం అతని పని. ఆ పనికి ఎవరూ వంక పెట్టలేదు. దాలమ్మ అతని మేనమామ కూతురు. శ్రీకాకుళం వైపు పల్లెలో ఊడ్పులు నడుస్తుండగానే పెళ్ళి చేసి పంపేశారు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరులో ఉన్నన్నాళ్ళూ ఆమె అడిగింది ఒక్కటే, కాస్త పొలం. క్వార్టరు ఖాళీ చేసి ఇందా పేటలో అద్దెకి దిగాక, ఇండస్ట్రియల్ పార్క్ అవతల తెలుగు వచ్చిన మాహతో అనే రైతు దగ్గర రెండు మళ్ళు కౌలుకి తీసుకున్నారు. నాట్లు ఆమె వేసింది. కౌలు మాత్రం అతని పేర. పెత్తనమూ అతనిదే.

"ఇది రైలు పెట్టె కాదు బావా, పేణమున్న మొక్క. రసం పీల్చే దోమ కుడితే ఊరుకోదు, వాసన వదుల్తాది. ఆ వాసనకి సీమకన్నా సిన్న కందిరీగలొచ్చి దోమ గుడ్లలో గుడ్లెడతాయి. మిగిలిన దోమని సాలీళ్ళు తింటాయి. రైతుల మీటింగులో వ్యవసాయం ఆఫీసు దీదీ సెప్పింది. నువ్వప్పుడు చాయ్ తాగడానికి పోయినావు."

"మొక్క వాసనేసి పిలుత్తాదా? ఫోన్ కూడా సేత్తాదేటి?"

గట్టు మీద నిలబడ్డ మాహతో పగలబడి నవ్వాడు. దాలమ్మ ముఖం నల్లబడింది. వెళ్ళి దిగువ మడికి అడ్డంగా కూర్చుంది.

"దీన్లో అడుగెట్టాలంటే ముందు ఆ మందు నా మీద కొట్టు."

తవిటయ్య ఎగువ మడికి మాత్రం కొట్టి, "నీ పురుగుల్ని నువ్వే మేపుకో" అని సైకిలెక్కాడు. గడువు వచ్చినప్పుడల్లా అలాగే కొట్టాడు. ఆమె అలాగే అడ్డం కూర్చుంది. ఇంట్లో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

గింజ పాలు పోసుకునే వేళ ఎగువ మడి నడుమ పైరు గుండ్రంగా మాడింది. రోజురోజుకీ ఆ సుడి వెడల్పయింది. దుబ్బు విడదీస్తే మొదళ్ళ నిండా గోధుమరంగు దోమ. సాలీడు ఒక్కటి లేదు. మందు ముందుగా చంపింది వాటినే. మొక్క పిలిచే ఉంటుంది, రావడానికి ఎవరూ మిగల్లేదు. దిగువ మడిలోనూ దోమ ఉంది, అక్కడక్కడా ఆకులు పసుపెక్కాయి. కానీ దుబ్బుల మధ్య సాలెగూళ్ళున్నాయి, కంకులు వంగాయి.

తవిటయ్య మాడిన పైరు చుట్టూ తిరిగి వచ్చాడు.

"మందులో కల్తీ. ఈసారి డోసు పెంచాల."

దాలమ్మ ఎండు దుబ్బు ఒకటి పెరికి అతని కాళ్ళ ముందు విసిరికొట్టింది.

"నడుం ఇరిగేలా నాటినాను. సంపినావు. సంపి, ఇంకా డోసంటావా?"

గట్టు దాటి మాహతో దగ్గరికి వెళ్ళింది.

"దాదా, వచ్చే పంటకి కౌలు నా పేర రాయి. ఈయన గట్టు మీదకి కూడా రాడు."