తుప్పులో బిగుసుకున్న హ్యాండ్ బ్రేకు

హాలియాలో రైసుమిల్లు నడిపే ఆ కుటుంబం తమ తాత లారీని ప్రేమతో కాపాడుకుందని అందరూ చెప్తారు. హైదరాబాదులో పాత బండ్ల ప్రదర్శనలో దాని ముందు పెట్టిన బోర్డు మీద కూడా అదే రాశారు. ప్రేమా, నా మొహమా! ఆ లారీని కాపాడింది భయం. మనిషిని తిన్న బండి ఇనుము అమ్ముకుంటే అమ్మినవాడి ఇంట్లో ఇంకో పీనుగు లేస్తుందని అమ్రాబాద్ పక్క నమ్మకం. పాత సామాన్ల వాళ్లు ఎన్నిసార్లు అడిగినా అందుకే ఇవ్వలేదు. దసరాకు ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి, దూరం నుంచే గుమ్మడికాయ పగలగొట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. నలభై ఏళ్లు అది అడవి అంచున రేకుల షెడ్డులో పడి ఉంది.

అది తిన్న మనిషి ఒక హమాలీ. నడిపిన మనిషి మా బాపు.

ఆ తాత అప్పట్లో నల్లమలలో కలప కాంట్రాక్టరు. బాపు ఆయన దగ్గర డ్రైవరు. ఒకరోజు ఘాటు రోడ్డు ఎక్కుడు మీద ఇంజను కాగిపోతే బాపు బండి ఆపి, నీళ్ల డబ్బా పట్టుకుని దిగాడు. బండి వెనక్కి జారింది. దాని వెనక నీడలో కూర్చున్న హమాలీ లేచేలోపే చక్రం మీదికి వచ్చింది. బ్రేకు వేయకుండా బీడీ కాల్చుకోవడానికి దిగాడని ఊరు ముందే తీర్పు చెప్పింది. కోర్టు ఆ తర్వాత చెప్పింది. జైలు నుంచి వచ్చాక బాపు చేతికి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. మా మేనమామల గొర్లు కాసుకుంటూ బతికాడు. బడిలో నాకు 'బ్రేకెయ్యనోని బిడ్డ' అని పేరు పెట్టారు. నాకు నోరెక్కువ అంటారు కదా, అది అక్కడ పెరిగిన నోరు.

పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నిజం చెప్పు బాపూ. ఏసినవా, ఎయ్యలేదా?"

"ఏసినట్టే యాదికుంది బిడ్డా," అన్నాడు. "గంతమంది ఎయ్యలేదంటాంటే, నా మీద నాకే అనుమానమైతాంది."

ఆ అనుమానంతోనే పోయాడు.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు ఆ కాంట్రాక్టరు మనవడు నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నేను నల్గొండలో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను. అతనికి పాత బండ్ల పిచ్చి. నమ్మకాల్ని పక్కన పెట్టి లారీని ట్రాలీ మీద హాలియా తెప్పించుకున్నాడు. కానీ ముందు జాలీ లేదు, పేరు పలక లేదు, అది ఏ బండో తెలియదు.

"అక్కా, మీ బాపు లారీ ముందట నిలవడ్డ ఫోటో మీ తాన ఉన్నదట గదా. జర వాట్సాప్ చెయ్యరాదు?"

"వాట్సాప్ చెయ్య. నేనే పట్టుకొస్త. బండిని నేను గూడ జూడాలె."

మిల్లు వెనక షెడ్డులో మెకానిక్ ఆ ఫోటో చూసి తల పట్టుకున్నాడు. బాపు మోచెయ్యి సరిగ్గా పేరు పలక మీద ఉంది.

"గంత బండిల చెయ్యి వెట్టనీకి గాడనే జాగా దొరికిందా మేడం?"

"నీ కోసం దిగిన ఫోటో గాదు తియ్యి."

అతను హాలియాలో ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. ఇది మామూలు లారీయే, తన తాత కాలంలో ఇలాంటివి సందుకొకటి ఉండేవని వాదించాడు. నేను వినలేదు. చట్రం మీది రంగు గీకించాను. కింద చిన్న బాణం గుర్తు బయటపడింది. బ్రిటిష్ సైన్యం తన సొత్తు మీద వేసుకున్న ముద్ర అది. తొట్టి కింద ఉక్కు తాడు చుట్టిన పెద్ద డ్రమ్ము ఉంది. యుద్ధకాలంలో బురదలో దిగబడ్డ బండ్లను గుంజడానికి చేసిన లారీ అని, ఇలాంటివి ఇప్పుడు చాలా అరుదని, ఫోటోలు పంపి అడిగితే ఇంగ్లండు నుంచి పాత లారీల వాళ్లెవరో జవాబు రాశారు. కంపెనీ పేరు నేను రాయను, వాళ్ల గొప్ప వాళ్లే చెప్పుకుంటారు. మనవడు మాత్రం షెడ్డులో గంతులేశాడు.

నేను క్యాబిన్‌లోకి ఎక్కాను. హ్యాండ్ బ్రేకు లివరు నిటారుగా ఉంది. చివరి పన్నుదాకా గుంజి ఉంది. రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. తుప్పులో అలాగే బిగుసుకుపోయింది.

బాపు వేశాడు.

మెకానిక్‌ను కిందికి దూరమన్నాను. లివరు నుంచి వెనక బ్రేకు డ్రమ్ముకు పోయే కడ్డీ లివరుకు తగిలించి లేదు. దాని కొస ఊగి చప్పుడు చేయకుండా చట్రానికి ఇనుప తీగతో కట్టేశారు. అది ఊడిపోలేదు. ఎవరో విప్పారు. ఆ సంగతి తెలిసినవాడెవడూ ఆ లివరును నమ్మి బండి దిగడు. బాపుకు తెలియదు.

"షెడ్డుల వెట్టినంక ఎవరన్న గుంజిండొచ్చు గదక్కా," అన్నాడు మనవడు.

"మనిషిని తిన్న బండని గుమ్మడికాయ గూడ దూరంకెళ్లి కొట్టిండ్రు మీరు. గా క్యాబిన్ల ఎక్కి లివరు గుంజినోడెవడో చూపియ్యి."

అతను వంగి ఆ తీగను మళ్లీ చూశాడు. "అన్నీ బాగుచేసుకో తమ్మీ. గా లివరును మాత్రం ముట్టకు. నా బాపుకు గదొక్కటే సాక్షి," అన్నాను. తల ఊపాడు. ఫోటో ఇచ్చి వచ్చాను.

మళ్లీ వెళ్లేసరికి లివరు కిందికి దిగి ఉంది. కాగబెట్టి, నూనె పోసి వదిలించారట. కొత్త కడ్డీ, మీద నల్లరంగు, అద్దంలా మెరుస్తోంది.

"ప్రదర్శనల బ్రేకు పనిచెయ్యకుంటే లోపలికి రానియ్యరక్కా. ఏంజెయ్యాలె?"

నా ఫోన్‌లో లివరు లేచి ఉన్నప్పుడు తీసుకున్న ఫోటో ఉంది. ఎవరికి చూపినా, 'నిన్న గుంజి తీసినవేమో' అంటారు. నేనైనా అదే అంటాను.

మిల్లు ముందు కుర్చీలో మనవడి తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆ రోజుల్లో లోడింగు చూసుకున్నది ఆయనే. ఇప్పుడు మోకాళ్లు పనిచేయవు, షెడ్డు వైపు వచ్చిందే లేదు. కడ్డీ సంగతి కొడుకు ఇంట్లో ఎత్తలేదు, మెకానిక్‌నూ ఎత్తొద్దన్నాడు.

"సేటూ, మా బాపు లివరు గుంజే దిగిండు," అన్నాను. అంతే అన్నాను.

"కడ్డీ లేని లివరు లేస్తేంది, పండుకుంటేంది బిడ్డా," అన్నాడాయన. "పాత ముచ్చట్లు ఎందుకిప్పుడు? ఛాయ్ తాగిపో."

నేను కడ్డీ మాటే ఎత్తలేదని ఆయనకు అర్థమైంది. కొడుకును పిలిచి, ఎండ తగులుతోందని కుర్చీ లోపలికి వేయించుకున్నాడు.

ఇప్పుడు ప్రదర్శనకు తీసుకుపోయిన ప్రతిసారీ ఆ లారీకి చప్పట్లు కొడతారట. ఎక్కుడు మీద ఆపినా అంగుళం కదలదట. ఛాయ్ తాగకుండా వచ్చిన నాకు ఆయన ఇంకా జవాబు బాకీ ఉన్నాడు. ఆ కడ్డీ విప్పిన సంగతి నీకు తెలుసు కదా సేటూ, ఆ పొద్దున మా బాపు బండి ఎక్కుతుంటే ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?